కొండవాలు పరుగు: కాళ్లకు బలం, అడుగుకు వేగం



హోసూరు నుంచి కృష్ణగిరి దాకా, తళి నుంచి వేపనపల్లి దాకా ఎటు చూసినా మనకు గుట్టలే కనిపిస్తాయి. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. యాభై కిలోమీటర్ల అవతల ఉన్న కృష్ణగిరి ఎత్తు దాదాపు 500 మీటర్లు. అంటే మన సీమంతా ఒక పెద్ద ఏటవాలు అన్నమాట. వెనకటి పాలకులు రాయకోటలోనూ కృష్ణగిరిలోనూ ఈ గుట్టల మీద దుర్గాలు కట్టుకున్నారు. మన పెద్దలు గుళ్లు కట్టుకున్నారు. ఇవే గుట్టలు మన పిల్లల కాళ్లకు బలాన్నీ, పరుగుకు వేగాన్నీ ఎలా ఇస్తాయో ఈ రోజు చెప్పుకుందాం.

మన పల్లెల్లో పరుగు మీద ఆశ పెట్టుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు. కొందరు బడి తరఫున జిల్లా పోటీలకు వెళ్లాలనుకుంటారు. కొందరు సైన్యంలో చేరాలనుకుంటారు. సైన్యం ఎంపికల్లో 1.6 కిలోమీటర్ల పరుగు ఉంటుంది. పోలీసు ఉద్యోగానికీ పరుగు పరీక్ష తప్పదు. కానీ చాలా ఊళ్లలో మంచి ట్రాక్ ఉండదు, నేర్పే శిక్షకుడూ ఉండడు. ఉన్నదల్లా ఊరి దారి, చెరువు కట్ట, వెనకాల ఒక గుట్ట. ఆ ఇళ్లలో ఒక్క సెకను తేడా ఒక ఉద్యోగం కావచ్చు. ఆ ఉద్యోగం మీద ఇంటి అప్పు, చెల్లెలి చదువు ఆధారపడి ఉండవచ్చు.

సెకను ఎందుకు, అందులో చిన్న తునక చాలు. సికింద్రాబాదులోని ఇ.ఎం.ఇ. కేంద్రంలో సిపాయిగా ఉన్న రోజుల్లో పరుగు మొదలుపెట్టిన మిల్ఖా సింగ్, 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల పరుగులో నాలుగో స్థానంలో నిలిచారు. మూడో స్థానానికి తేడా సెకనులో పదో వంతు, ఆపైన కొంచెం. 1984 లాస్ ఏంజిలిస్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్నారు. మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి సంగతి చూడండి. వంద మీటర్ల హర్డిల్స్‌లో 2002 నుంచి 13.38 సెకన్ల దగ్గర నిలిచిపోయిన జాతీయ రికార్డును ఆమె 2022 మే నెలలో 13.23కు తెచ్చింది. అదే ఏడాది అక్టోబరులో మన పక్కనే ఉన్న బెంగళూరులో 12.82 సెకన్లలో పరుగు ముగించింది. 13 సెకన్ల లోపు పరుగెత్తిన తొలి భారతీయ మహిళ ఆమే. పరుగులో వేగం ఇలా తునకలు తునకలుగానే వస్తుంది.

మరి ఆ తునకలు గుట్ట మీద దొరుకుతాయా? దొరుకుతాయి. అయితే మన కుర్రాళ్లు సాధారణంగా చేసే పద్ధతిలో మాత్రం దొరకవు. తెల్లవారుజామున లేచి గుట్ట అడుగు నుంచి శిఖరం దాకా రొప్పుకుంటూ ఎక్కడం, అక్కడి నుంచి దడదడ దిగడం, మళ్లీ ఎక్కడం, ఎన్నిసార్లు ఎక్కామో లెక్కపెట్టుకోవడం. దీనివల్ల దమ్ము పెరుగుతుంది, ఓర్పు పెరుగుతుంది. వేగం మాత్రం పెరగదు. ఈ రోజు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట ఇదే: వేగం కావాలంటే గుట్టలో ముప్పై, నలభై మీటర్ల వాలు చాలు. దాన్ని పూర్తి బలంతో ఎక్కాలి, నడిచి దిగాలి, తీరిగ్గా సేదదీరాలి, మళ్లీ పూర్తి బలంతో ఎక్కాలి.

దీని వెనక ఉన్న కారణం చూద్దాం. ఎద్దుల బండి మిట్ట ఎక్కేటప్పుడు గమనించండి. ఎద్దులు మెడ వంచి, ఒళ్లు ముందుకు వాల్చి, వెనక కాళ్లతో నేలను తన్ని లాగుతాయి. అదే బండి పల్లానికి దిగేటప్పుడు వెనక నుంచి బరువు తోసుకొస్తుంది. అప్పుడు ఎద్దులు కాళ్లు బిగబట్టి ఆ బరువును ఆపుకుంటూ దిగాలి. మనిషి కాళ్లకూ ఇదే జరుగుతుంది. ఎక్కేటప్పుడు పిరుదులు, తొడలు, పిక్కల కండరాలు ముడుచుకుంటూ ఒంటిని పైకి, ముందుకు తోస్తాయి. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపాలి. గుట్ట పరుగెత్తి దిగిన మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగలేనంతగా తొడలు నొప్పి పెట్టేది అందుకే.

పరుగు పందెంలో మొదటి ముప్పై మీటర్లలో చేయాల్సిన పని కూడా మిట్ట ఎక్కడం లాంటిదే. ఒళ్లు ముందుకు వాలి ఉండాలి, పాదం వెనక్కి తన్నాలి, మోకాలు పైకి లేవాలి. చదును నేల మీద కొత్తవాళ్లకు ఈ వాలు కుదరదు. రెండడుగులు వేయగానే నిటారుగా లేచిపోతారు. గుట్ట మీద అలా నిటారుగా లేస్తే ముందుకు కదలలేరు. కాబట్టి ఎవరూ పక్కన నిలబడి చెప్పకుండానే వాలు నేలే మనిషిని సరైన తీరులో పెడుతుంది. శిక్షకుడు లేని ఊరికి గుట్టే సగం శిక్షకుడు అనవచ్చు.

ఇంకొక లాభం ఉంది. 2005లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన జింజర్ గాట్‌షాల్, రోజర్ క్రామ్ అనే పరిశోధకులు వాలు మీద పరుగెత్తేవాళ్ల పాదాల కింద పడే బలాన్ని కొలిచారు. 9 డిగ్రీల వాలు దిగుతూ పరుగెత్తినప్పుడు నేల తాకిడి చదును నేల మీద కంటే 54 శాతం పెరిగింది. అదే వాలు ఎక్కుతూ పరుగెత్తినప్పుడు తాకిడి తగ్గింది, ముందుకు తోసే బలం మాత్రం 75 శాతం పెరిగింది. అంటే ఎక్కేటప్పుడు కండరానికి పని ఎక్కువ, కీలుకు దెబ్బ తక్కువ. దిగేటప్పుడు మోకాలికీ చీలమండకూ దెబ్బ ఎక్కువ. అందుకే ఎక్కేటప్పుడు పరుగు, దిగేటప్పుడు నడక అనే నియమం పెట్టుకోవాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే గాయాల ముప్పు తగ్గుతుంది.

గుట్ట పరుగును ప్రపంచానికి గట్టిగా పరిచయం చేసినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన మనిషి న్యూజిలాండ్‌కు చెందిన ఆర్థర్ లిడియార్డ్. ఆయన బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఆక్లండ్ నగరంలో తన చుట్టుపక్కల ఉండే కుర్రాళ్లనే చేరదీసి శిక్షణ ఇచ్చాడు. నెలల తరబడి దూరపు పరుగు, ఆ తర్వాత కొన్ని వారాలు కొండవాలు మీద మోకాళ్లు ఎత్తి ఎగిరెగిరి ఎక్కే సాధన, ఆ తర్వాతే ట్రాక్ మీద వేగం. ఇదీ ఆయన వరస. 1960 సెప్టెంబరు 2న రోమ్‌లో ఆయన శిష్యులిద్దరు ఒకే రోజు బంగారు పతకాలు గెలిచారు. 800 మీటర్లలో పీటర్ స్నెల్, 5,000 మీటర్లలో మరే హాల్‌బర్గ్. స్నెల్ 1964లో టోక్యోలో 800, 1,500 మీటర్లు రెండూ గెలిచాడు. కొండను ఒక కాలంలో వాడుకుని, ఆ బలాన్ని తర్వాత చదును నేలకు తెచ్చుకోవాలన్నది లిడియార్డ్ నుంచి మనం నేర్చుకోవలసిన సంగతి. ఏడాది పొడుగునా కొండే ఎక్కుతూ ఉంటే అడుగు నెమ్మదిగా పడటం కాళ్లకు అలవాటైపోతుంది.

ఇక ఎలాంటి వాలు కావాలి? ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎంత నిటారుగా ఉంటే అంత మంచిదనుకుంటారు. పూర్తి వేగంతో చదును నేల మీద పరుగెత్తే మేటి క్రీడాకారుడి పాదం నేల మీద ఉండేది సెకనులో పదో వంతు మాత్రమే. పందెం మొదట్లో తొలి అడుగుకు అయిదో వంతు సెకను పడుతుంది. వాలు పెరిగేకొద్దీ పాదం నేల మీద ఉండే సమయం పెరుగుతుంది. కొంతవరకు అది మంచిదే, తన్నడానికి కండరానికి సమయం దొరుకుతుంది. మరీ నిటారైతే అది పరుగు కాదు, బరువు మోయడం అవుతుంది. అందుకని వేగం కోసం వంద అడుగులకు అయిదడుగులు లేచే వాలు చాలు. బలం కోసమైతే వందకు పది దాకా పోవచ్చు. కృష్ణగిరి దుర్గం లాంటి బండరాతి కొండ, గుడి కొండ మెట్లు ఈ పనికి పనికిరావు. ఆ కొండల కింద, ఊరి బాట మెల్లగా పైకి లేచే చోటు మనకు కావాలి.

వాలును కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. పదడుగుల పొడవున్న తిన్నని వాసం ఒకటి తీసుకోండి. ఒక కొసను వాలు పైభాగాన నేలకు ఆనించి, రెండో కొసను కిందివైపు గాలిలో పట్టుకోండి. మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, వాసం సమంగా ఉందో లేదో చూసుకోండి. ఇప్పుడు గాలిలో ఉన్న కొస నుంచి నేల ఎంత కిందికి ఉందో టేపుతో కొలవండి. ఆరంగుళాలు ఉంటే వందకు అయిదు. అడుగు ఉంటే వందకు పది. అడుగు దాటితే ఆ చోటు వదిలేయండి.

నేల కూడా ముఖ్యమే. గట్టి మట్టి బాట అన్నిటికంటే మేలు. గుండ్రటి గరుకు రాళ్లున్న చోట కాలు జారుతుంది. వానాకాలంలో ఎర్రమట్టి వాలు జారుడు బల్ల అవుతుంది. వాలు మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నడిచి రాళ్లు, ముళ్లు ఏరివేయండి. బండ్లు తిరిగే తారురోడ్డు వద్దు. డెంకణికోట, తళి, అంచెట్టి పక్క అడవి అంచు ఊళ్లవాళ్లకు మరో మాట. రాత్రి రాగి చేలలో దిగిన ఏనుగులు తెల్లవారుజామున అడవికి తిరిగిపోయే దారులు మీకు తెలుసు. ఆ పక్క చీకటితో పరుగుకు వెళ్లకండి. బాగా తెల్లవారాక, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. ఆడపిల్లలకు కూడా ఇలా జట్టుగా వెళ్లడమే మంచిది. అప్పుడు ఇంట్లో పెద్దలూ నిశ్చింతగా ఉంటారు.

ఇప్పుడు సాధన పద్ధతి చెబుతాను, కాగితం మీద రాసుకోండి. ముందు పది నిమిషాలు చదును నేల మీద నెమ్మదిగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కించాలి. కాళ్లు ముందుకూ వెనక్కూ పదేసిసార్లు ఊపాలి. తర్వాత చదును మీదే మూడు పరుగులు, ఒకదాని కంటే ఒకటి కొంచెం వేగంగా తీయాలి. అప్పుడు వాలు దగ్గరకు రావాలి.

మొదటి రెండు వారాలు 20 మీటర్లు, ఆరుసార్లు, ముప్పావు బలంతో. మూడు నుంచి అయిదో వారం దాకా 30 మీటర్లు, ఆరు నుంచి ఎనిమిదిసార్లు, పూర్తి బలంతో. ఆరు నుంచి ఎనిమిదో వారం దాకా 40 మీటర్లు ఆరుసార్లు. వారానికి రెండు రోజులే ఈ పని చేయాలి. రెండింటికీ మధ్య కనీసం రెండు రోజులు ఎడం ఉండాలి. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది.

పరుగెత్తేటప్పుడు నడుము దగ్గర వంగకూడదు. చీలమండ నుంచి తల దాకా ఒకే గీతలా ముందుకు వాలాలి. చూపు పదిహేనడుగుల దూరంలో నేల మీద ఉండాలి. మోచేతులు మడిచి, చేతులు ముందుకు చెంప దాకా, వెనక్కి తుంటి దాకా గట్టిగా ఊపాలి. గుట్ట మీద చేతులు ఆగితే కాళ్లూ ఆగుతాయి. పాదం ముందు భాగంతో నేలను తాకి వెనక్కి తన్నాలి. అంగలు సాగదీయకూడదు. చిన్న అంగ, గట్టి తన్ను, ఇది గుర్తుంటే చాలు.

విశ్రాంతి సంగతికి వస్తాను. పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మనకొక సామెత ఉంది. గుట్ట సాధనలో పరుగెత్తడమూ కావాలి, నిలబడడమూ కావాలి. పూర్తి బలంతో పరుగెత్తడానికి కండరాల్లో సిద్ధంగా దాచి ఉన్న శక్తి పది సెకన్ల లోపే అయిపోతుంది. అది మళ్లీ నిండడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంతలోనే మళ్లీ పరుగు మొదలుపెడితే రెండోది మొదటిదాని కంటే నెమ్మదిగా వస్తుంది, మూడోది ఇంకా నెమ్మదిగా వస్తుంది. అప్పుడు మనం నెమ్మదిగా పరుగెత్తడాన్నే సాధన చేసినట్లవుతుంది. కాబట్టి నడిచి దిగి, కింద మూడు నిమిషాలు ఆగండి. పక్కవాడు ఎగతాళి చేసినా ఆగండి. ప్రతి పరుగుకూ ఒకరు గడియారం పట్టుకోవాలి. మొదటి పరుగుకు 6 సెకన్లు పట్టిందనుకోండి. తర్వాత ఏదైనా పరుగు 6.4 సెకన్లు దాటితే ఆ రోజుకు అక్కడితో ఆపేయాలి. ఇంకా ఓపిక ఉందన్నా ఆపాలి.

వారంలో ఇంకొక రోజు తప్పనిసరిగా చదును నేల మీద వేగంగా పరుగెత్తాలి. 30 మీటర్లు నాలుగుసార్లు, 60 మీటర్లు రెండుసార్లు చాలు. గుట్ట ఇచ్చిన బలం చదును మీద వేగంగా మారేది ఈ రోజునే. పోటీకి పది రోజుల ముందు గుట్ట పూర్తిగా మానేసి చదును మీదే తేలిగ్గా సాధన చేయాలి. 1.6 కిలోమీటర్ల పరుగుకు సిద్ధమయ్యేవాళ్లు వేగం పరుగులతో పాటు వారంలో వేరే రోజు, మెత్తని వాలు మీద 150 మీటర్లు ఆరుసార్లు, మాట్లాడలేనంత కాకుండా కొంచెం తగ్గించిన వేగంతో ఎక్కవచ్చు. ఇది దమ్ముకు పనికివస్తుంది. రెండింటినీ ఒకే రోజు కలపకండి.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఈ లెక్కలేవీ వద్దు. గుట్ట మీద మామిడిచెట్టు దాకా ఎవరు ముందు వెళ్తారో అని ఆడుకుంటే అదే వాళ్లకు సాధన.

గుట్ట ఎక్కేటప్పుడు పిక్క మీదా, మడమ వెనక తాడులా తగిలే భాగం మీదా లాగుడు ఎక్కువ. పొద్దున మంచం దిగగానే అక్కడ బిగుసుకుపోయినట్లు నొప్పి ఉంటే గుట్ట మానేయండి, చదును మీద నెమ్మదిగా నడవండి. మోకాలి కింద ముందు ఎముక మీద ఒకే చోట వేలు పెడితే చురుక్కుమంటుంటే అది ఎముక అలసట కావచ్చు. నూనె రాసి, గుడ్డ కట్టి పరుగెత్తవద్దు. వైద్యుడికి చూపించండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు వైద్యుడిని అడగకుండా పరుగే మొదలుపెట్టకూడదు.

తిండికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. మన రాగి ముద్ద, ఉలవలు, అనపగింజలు, ఆకుకూరలు, కుదిరితే గుడ్డు, పాలు ఉంటే చాలు. ఆడపిల్లలు కొద్దిపాటి పరుగుకే అలసిపోతుంటే, ముఖం పాలిపోయి ఉంటే సోమరితనమని తిట్టకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించండి. రక్తం తక్కువగా ఉన్న పిల్ల ఎంత గుట్ట ఎక్కినా వేగం రాదు. అన్నం తినగానే టీ తాగే అలవాటు కూడా ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది.

చివరగా ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. మొదలుపెట్టిన రోజు చదును మీద 30 మీటర్లకు ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. మూడు వారాలకు ఒకసారి అదే చోట, అదే సమయానికి, అదే గడియారంతో మళ్లీ కొలవండి. తొలి కొలతకూ ఎనిమిది వారాల తర్వాతి కొలతకూ మధ్య సెకనులో పదో వంతు తగ్గినా అది చిన్న సంగతి కాదు. ఊళ్లోని వ్యాయామ ఉపాధ్యాయులు ఇలా నలుగురు పిల్లల లెక్కలు రాసి ఉంచితే, ఏ పిల్లకు వేగం ఉందో, ఏ పిల్లవాడికి దమ్ము ఉందో ముందే తెలుస్తుంది. పోటీకి ఎవరిని పంపాలో మొహమాటం లేకుండా తేల్చుకోవచ్చు.

వాసమూ, రసమట్టమూ, గడియారమూ, ఒక నోటు పుస్తకమూ, మూడు నిమిషాలు ఆగే ఓపికా ఉంటే చాలు. రేపు పొద్దున మీ ఊరి బాటలో నలభై మీటర్ల మంచి వాలు ఎక్కడుందో వెతికి పెట్టుకోండి.